గ్యాప్‌లో ఏం చేశావంటే... మొక్కజొన్న చూశాను

‘‘ఇంజినీరింగ్ 2019లో అయింది. ఆ తర్వాత ఏడాది ఏం చేశారు?’’

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాగానే మీలో చాలామంది ఏదో ఆన్‌లైన్ కోర్సు పేరు చెబుతారు. నేనూ చెప్పాను. రెండో ప్రశ్నకే దొరికిపోయాను. ఆ కోర్సులో నాలుగో వీడియో దాటితే కదా!

నిజానికి 2020లో జనవరి నుంచి మే దాకా నేను తెనాలి దగ్గర మా ఊళ్లో, మొక్కజొన్న చేలో ఉన్నాను. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ ‘జాయినింగ్ తేదీ తర్వాత చెబుతాం’ అన్న మెయిల్‌తో ఆగిపోయింది. రూమ్ అద్దె దండగని ఇంటికొచ్చేశాను. అది సిగ్గుపడాల్సిన విషయం అనుకుని దాచాను. దాచకుండా చెప్పిన ఇంటర్వ్యూలో ఏం జరిగిందో తర్వాత చెప్తా. ముందు చేను సంగతి.

మా వైపు వరి కోసిన మాగాణిలో ఒకప్పుడు మినుము చల్లేవాళ్లు. పల్లాకు తెగులు దెబ్బకి చాలామంది మొక్కజొన్నకి మారారు. దుక్కి దున్నరు. వరి దుబ్బుల మధ్యే తాడు పట్టి గింజ గుచ్చుతారు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. లెక్కేస్తే ఎకరానికి 33 వేల పైచిలుకు గింజలు. మాది ఎకరం సొంతం, ఎకరం కౌలు. కోత ఆలస్యమై జనవరి 25న వేశాం. ఆరో రోజుకి మొలక కనిపించింది. నేను ఫోన్‌లో ఒక షీట్ తెరిచి తేదీ రాశాను. పనేం లేదు కాబట్టి రాశాను, అంతే.

మొదటి మూడు వారాలు చూస్తే మీకూ విసుగొస్తుంది. నాలుగు ఆకులు, అయిదు ఆకులు. ఎదుగుతున్నట్టే ఉండదు. అసలు పెరిగే మొగ్గ అప్పటికింకా నేల లోపలే ఉంటుందట. ఏడెనిమిది ఆకుల దశకొచ్చేసరికి, బయట మోకాలెత్తు కూడా లేని మొక్కలో, కండెకి ఎన్ని వరసలుండాలో ఖరారైపోతుంది. (కండె ఒలిచి లెక్కపెట్టండి, వరసలు దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యే: 12, 14, 16.) ఆ దశలో ఎరువు ఆలస్యం చేస్తే తర్వాత ఎంత చల్లినా పోయింది వెనక్కి రాదని నాన్న అంటుంటే చాదస్తం అనుకునేవాణ్ని.

ఇరవయ్యో రోజుకి సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపించింది. కత్తెర పురుగు. తల మీద తిరగేసిన ఇంగ్లిష్ ‘వై’, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు. మన దేశంలో 2018లోనే తొలిసారి కనిపించిన పురుగు కాబట్టి నాన్నకీ పెద్దగా అనుభవం లేదు. పగలు సుడి లోపల దాక్కుంటుంది. అందుకే సాయంత్రం పూట, మందు నేరుగా సుడిలో పడేలా కొట్టాం. నేను పది చోట్ల పది మొక్కల చొప్పున చూసి, ఎన్నిటికి తగిలిందో షీట్‌లో రాసేవాణ్ని. మూడో రోజు సంఖ్య తగ్గకపోతే మళ్లీ కొట్టాలన్నది మా ఒప్పందం. తగ్గింది.

57వ రోజు, మార్చి 22న, పీచు బయటికొచ్చింది. అదే రోజు జనతా కర్ఫ్యూ. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజది. పైన మగపూత నుంచి పుప్పొడి రాలి ఆ పోగు మీద పడి లోపలికి దిగితేనే గింజ. పడని చోట బోడి కండె. ఈ వారంలో నీళ్లు తప్పితే దిగుబడి పడిపోతుంది. లాక్‌డౌన్‌లో బోరు మోటారు కాలితే బాగుచేసే మనిషి దొరకడు. నాన్న రాత్రిళ్లు మోటారు పక్కనే మంచం వేసుకున్నాడు. నేను రోజూ ఒక కండె తుంచి, పొర జాగ్రత్తగా విప్పి, పీచు పట్టుకుని దులిపేవాణ్ని. గింజ కట్టిన పోగు రాలిపోతుంది, కట్టనిది పట్టుకుని ఉంటుంది. మొదటి రోజు దాదాపు అన్నీ ఉన్నాయి. అయిదో రోజు దులిపితే కుచ్చు మొత్తం చేతిలోకి వచ్చేసింది. ఏ సెమిస్టర్ రిజల్ట్‌కీ అంత సంతోషపడలేదు నేను.

గింజ గట్టిపడుతున్నప్పుడు దిగుబడి అంచనా వేశాను. సాలు వెంట 6.75 మీటర్లు కొలిస్తే అది ఎకరంలో వెయ్యో వంతు. అక్కడ 28 మొక్కలు, అంటే ఎకరానికి 28 వేలు. 14 వరసలు, వరసకి 32 గింజలు, గింజ సుమారు 0.27 గ్రాములు. మొత్తం 34 క్వింటాళ్లు. మే 16న కోసి, ఆరబెట్టి తూకం వేస్తే ఎకరానికి 32 వచ్చింది.

దిగుబడి బాగుంది కానీ ధర లేదు. చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుతో కోళ్ల ఫారాలు కుదేలై, దాణాకి మొక్కజొన్న అడిగేవాళ్లు తగ్గిపోయారు. మద్దతు ధర 1,760. ఊళ్లోకి వచ్చిన వ్యాపారి ఇస్తానన్నది 1,250. మార్క్‌ఫెడ్‌కి అమ్మాలంటే ఈ-పంటలో నమోదు ఉండాలి. సొంత ఎకరానికి ఉంది. కౌలు ఎకరానికి లేదు. కౌలు కార్డుకి భూయజమాని సంతకం కావాలి, ఆయన పెట్టలేదు. ఫిబ్రవరిలోనే వెంటపడి ఉంటే ఏమయ్యేదో. పురుగుల లెక్క రోజూ రాసినవాణ్ని, ఈ కాగితం సంగతి మాత్రం ‘నాన్న చూసుకుంటాడులే’ అనుకున్నాను. క్వింటాల్‌కి 510 తేడా, 32 క్వింటాళ్లు. 16,320 రూపాయలు. షీట్‌లో ఆఖరి వరస అదే.

జులైలో ఇంకో ఇంటర్వ్యూ, వీడియో కాల్‌లో. గ్యాప్ గురించి అడిగారు. ఈసారి షీట్ స్క్రీన్ మీద పెట్టాను. ‘‘వంద మొక్కలే ఎందుకు చూశావు? గట్టు పక్కవి కలిపావా? 34 అనుకున్నది 32 ఎందుకైంది?’’ ఇరవై నిమిషాలు ఇవే ప్రశ్నలు. గట్టు పక్కన మొక్కలు పలచగా ఉన్నాయని, అక్కడ కొలవలేదని చెప్పాను. తప్పు ఒప్పుకోవడానికి ఇబ్బందిగా అనిపించలేదు. ఎందుకంటే అది నాకు నిజంగా తెలిసిన తప్పు.

మీ ఖాళీ ఏడాదిలో కిరాణా కొట్టు ఉండొచ్చు, మీ మామయ్య మెకానిక్ షెడ్డు ఉండొచ్చు. రెజ్యూమెలో ‘వ్యవసాయంలో కుటుంబానికి సాయం’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏం లెక్కపెట్టారు, ఎక్కడ లెక్క తప్పింది, అవి రాయండి. లెక్కపెట్టకపోతే ఈ రోజు నుంచి మొదలుపెట్టండి, నోట్‌బుక్ అయినా చాలు.

చివర్లో ఆయన అడిగారు: ‘‘వచ్చే ఏడాది ఇదే పంట వేస్తే ఏం మారుస్తావు?’’

‘‘కనీసం మూడు వారాలు ముందే గింజ పెడతాం సర్, మార్చి ఎండకి పీచు దొరక్కుండా. కౌలు సంతకం మాత్రం అంతకంటే ముందే అడుగుతాను’’ అన్నాను.