బేస్ పెంచితే పాట ఎందుకు మునిగిపోతుంది? కారు స్టీరియోలో ఈక్వలైజర్ ఎలా సర్దుకోవాలి?

కొత్త కారు కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని బేస్, ట్రెబుల్ రెండూ పైకి లాగేయడం. రెండు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత బాలు గారి గొంతు ఎక్కడో వెనక వినిపిస్తుంది, అరగంట ప్రయాణానికే చెవులు అలిసిపోతాయి.

కారణాలు రెండు. మొదటిది మన చెవి తీరు. కింది స్థాయి శబ్దం గట్టిగా ఉంటే, దానికి పైనున్న శబ్దాలను అది కప్పేస్తుంది. గాయకుడి గొంతు ఆ పైభాగంలోనే ఉంటుంది కాబట్టి ముందు నష్టపోయేది అదే. రెండోది ఆంప్లిఫయర్ శక్తి. ఒక బ్యాండ్‌ని 3 డెసిబెల్స్ పెంచితే అక్కడ రెట్టింపు శక్తి కావాలి, 10 పెంచితే పది రెట్లు! డబ్బా మీద ఏ అంకె ఉన్నా, మామూలు కారు స్టీరియో ఒక్కో స్పీకర్‌కి నిలకడగా ఇవ్వగలిగేది 20 వాట్ల చుట్టుపక్కలే. అది చాలనప్పుడు శబ్దం చిరుగుతుంది, స్పీకర్ కూడా దెబ్బతింటుంది.

అందుకే ఈక్వలైజర్‌ని పెంచడానికి కాదు, ఎక్కువైనది తగ్గించడానికి వాడండి. నా మటుకు ఇదే అసలు కిటుకు.

కారు ఆపి, ముందు అన్ని బ్యాండ్లూ సున్నాకి తెచ్చేయండి. ‘రాక్’, ‘పాప్’ లాంటి రెడీమేడ్ సెట్టింగులు, లౌడ్‌నెస్ తీసేయండి. ఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌కీ సొంత ఈక్వలైజర్ ఉంటుంది, చాలామంది మర్చిపోయేది దాన్నే. అదీ ఆపాలి. మనకు కుడివైపు స్టీరింగ్ కాబట్టి డ్రైవర్‌కి కుడి డోరు స్పీకరే దగ్గర. గొంతు డ్యాష్‌బోర్డు మధ్య నుంచి వస్తున్నట్టు అనిపించేదాకా బ్యాలెన్స్ కొద్దిగా ఎడమకి జరపండి.

ఇప్పుడు మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టుకోండి. గొంతు కుండలోంచి వస్తున్నట్టుంటే 200–250 హెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. ముక్కుతో పాడినట్టుంటే 1,000 ప్రాంతంలో చూడండి. పల్లవిలో ‘స’, ‘ష’ వచ్చిన ప్రతిసారీ చెవిలో గుచ్చుకుంటే 6,000–8,000 మధ్య కాస్త దించండి. ఒకసారి ఒక బ్యాండే కదపాలి, కదిపాక ఓ చరణమైనా వినాలి. స్టీరియోలో హై పాస్ ఫిల్టర్ ఉంటే డోరు స్పీకర్లకి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. వాటికి చేతకాని లోతు బేస్ బరువు తప్పి, మిగతాదంతా తేటపడుతుంది.

ఘంటసాల కాలం నాటి రికార్డింగుల్లో లోతైన బేస్ అసలు తక్కువ. అక్కడ ఎంత పెంచినా గుంయ్‌మనే మోత తప్ప ఏమీ రాదు.

హైవే ఎక్కాక మాత్రం లెక్క మారుతుంది. టైర్లు, ఇంజన్ చేసే మోత ఎక్కువగా కింది స్థాయిదే కనుక అది బేస్‌ని మింగేస్తుంది. అప్పుడు 2, 3 డెసిబెల్స్ పెంచడం న్యాయమే. సౌండ్ బాగా తగ్గించి వినేటప్పుడూ అంతే. తక్కువ శబ్దంలో చెవికి బేస్ సరిగా ఆనదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. లౌడ్‌నెస్ బటన్ ఉన్నది అందుకే, ఆ వేళ వేసుకోండి.

ఇంత చేసినా బేస్ దెబ్బకి డోరు గలగలమంటుంటే పాట నడుస్తుండగా ప్యానెల్‌ని అరచేత్తో నొక్కి చూడండి. ఆ చప్పుడు ఆగితే లోపం అక్కడిదే. వదులైన క్లిప్పులు మార్పించి, వైర్లు రేకుకి తగిలేచోట ఫోమ్ టేప్ వేయించండి.