మన ఆడపిల్లలు పరదేశపు మైదానాలకు ఎందుకు పోతున్నారు?

విజయనగరం వారికి విదేశంలో ఆట అనగానే విజ్జీ గుర్తుకొస్తారు. 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళారాయన. శ్రీకాకుళం వారికైతే ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరి. 2000 సెప్టెంబరులో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. ఈ ఇద్దరూ దేశం తరఫున వెళ్ళి, ఆడి, తిరిగొచ్చినవారు. ఇక్కడ చెప్పబోయే ప్రయాణం వేరు. విదేశీ క్లబ్బు జీతమిచ్చి పిలిస్తే, అక్కడే కాపురముండి, ఆ క్లబ్బు బనియను వేసుకుని వారం వారం ఆడే ఉద్యోగం ఇది. తెలుగునాట ఆ ఉద్యోగం చేసొచ్చిన అమ్మాయి గుగులోత్ సౌమ్య.

సౌమ్యది నిజామాబాదు జిల్లా. ఆట ఫుట్‌బాల్. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. ఆ సంవత్సరమే కాఠ్మండులో జరిగిన దక్షిణాసియా పోటీలో భారత్ తరఫున పాకిస్తాన్ మీద గోలు కొట్టింది. తర్వాత స్వదేశం వచ్చి, 2024-25లో భారత మహిళా లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ సీజనుకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచింది. మన పత్రికల్లో ఈ వార్త ఎంత జాగా సంపాదించిందో పాఠకులే చెప్పాలి!

అంత దూరం పోవడం దేనికి, డబ్బుకా అని కొందరు అడుగుతారు. డబ్బు సంగతి తర్వాత. అసలు లెక్క మ్యాచీలది. మన మహిళా లీగు పుట్టిందే 2017 జనవరిలో. మొదట్లో జట్లన్నిటినీ ఒకచోట చేర్చి కొద్దిరోజుల్లో ముగించేవారు, మన తీర్థంలో కుస్తీ పోటీల్లాగ. సొంతూళ్ళో ఒకటి, ఎదుటివాళ్ళ ఊళ్ళో ఒకటి అనే పద్ధతి 2023-24లో వచ్చింది. ఏడు జట్లు, జట్టుకు 12 మ్యాచీలు. మరుసటేడు ఎనిమిది జట్లు, 14 మ్యాచీలు. సంవత్సరానికి 365 రోజులు కదా, మిగతా రోజులు ఆ పిల్ల ఏం చెయ్యాలి? పరిగెత్తడం, బంతితో సాధన ఎంతైనా చేసుకోవచ్చు. కాని ఎదుట గట్టి ప్రత్యర్థి లేకుండా ఆట పదునెక్కదు. అందుకే మణిపూర్ బాలాదేవి 2020లో స్కాట్లండు రేంజర్స్‌కి పోయింది. పంజాబు మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ పోయి, యూరప్ మహిళా ఛాంపియన్స్ లీగులో ఆడిన తొలి భారతీయురాలు అయింది.

ఈ దారిలో మనకంటే చాలా ముందు నడిచింది ఆఫ్రికా అమ్మాయిలు. నైజీరియా అసీసత్ ఓషోలా 2015లో లివర్‌పూల్, మరుసటేడు ఆర్సెనల్, 2017లో చైనా, 2019లో బార్సిలోనా చేరింది. ఆ ఏడే యూరప్ కప్పు ఫైనల్లో గోలు కొట్టింది. జాంబియా క్రీడాకారిణి రేచల్ కుందనాంజిని 2024 ఫిబ్రవరిలో ఒక అమెరికా క్లబ్బు ఏడు లక్షల యూరోలు దాటిన ధరకు కొనుక్కుంది. మహిళా ఫుట్‌బాల్‌లో అప్పటికి అదే రికార్డు. ఆ డబ్బు చేరేది అమ్మాయికి కాదు, వదులుకున్న పాత క్లబ్బుకి. ఈ తేడా మనవాళ్ళు తరచు మరిచిపోతారు. అమ్మాయికి దక్కేది ఒప్పందంలో రాసుకున్న జీతం. అందుకే ఒప్పందం ఎన్నాళ్ళు, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది అన్నవి సంతకానికి ముందే చూసుకోవాలి.

క్లబ్బు మారాలంటే పాత దేశపు సమాఖ్య కొత్త దేశపు సమాఖ్యకు బదిలీ పత్రం పంపాలి. మన కాలేజీ టీ.సీ. లాంటిదే అనుకోండి; అది రానిదే ఆటకు దిగనివ్వరు. దేశం జట్టు పిలిస్తే, అంతర్జాతీయ క్యాలెండరులో కేటాయించిన రోజుల్లో క్లబ్బు పంపి తీరాలి. మిగతా రోజుల్లో మాట క్లబ్బుదే.

ఇక మన సంగతి. మన పల్లెల్లో "గుంటకి బంతాటేటి?" అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారిని ఒప్పించవచ్చు, మల్లేశ్వరి పేరు చెబితే సగం మెత్తబడతారు. వాళ్ళ రెండో ప్రశ్నకే జవాబు కష్టం: "డిగ్రీ అయ్యాక ఏ జట్టుకి ఆడతాదీ?" 2024-25 లీగులోని ఎనిమిది జట్లలో ఆంధ్ర నుంచి గాని, తెలంగాణ నుంచి గాని ఒక్కటీ లేదు. నిజామాబాదు పిల్ల కలకత్తా క్లబ్బుకు ఆడింది అందుకే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలతోనే మన అమ్మాయిల బూట్లు అటకెక్కుతున్నాయి.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 2023-24లో ఆ లీగు గెలిచింది ఒడిశా జట్టే. జాగ్రెబ్ మాట తర్వాత చూసుకోవచ్చు. భువనేశ్వర్ మనకు రైల్లో ఒక పూట ప్రయాణం. అక్కడ సెలక్షన్లు పెట్టినప్పుడు ఆ కబురు మన వ్యాయామ శాఖ నోటీసు బోర్డుకి చేరేలా విద్యార్థి సంఘం వచ్చే ఏడు చూడగలిగితే, వెళ్ళడానికి సిద్ధంగా ఉన్న అమ్మాయిలు మన దగ్గరా ఉన్నారు.