మా కాక కట్టిన పాటలు

పెండ్లి పందిట్లో అప్పగింతల పాట మొదలయినప్పుడు, ఆ పాట ఎవరు కట్టారని మనలో ఎవరమైనా ఎప్పుడైనా అడిగామా? పెండ్లికూతురి తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది, పేరంటాండ్రు గొంతు కలుపుతారు, పాట అయిపోతుంది. అది అమ్మమ్మల నాటిదనీ, దానంతట అది పుట్టిందనీ అనుకొంటాము. షోలాపూరులో మా ఇంట్లోనే పాటలు కట్టే మనిషిని పెట్టుకొని కూడా నేను చాలాకాలం అలాగే అనుకొన్నాను.

ఆ మనిషి మా కాక. నాన్నకు తమ్ముడు. ఈ వ్యాసంలో పేరు వ్రాస్తానంటే ఒప్పుకోలేదు. "పేరెందుకు బిడ్డా? పేరు పెడితే మంది పేరే చూస్తరు, పాట చూడరు" అన్నాడు. కాబట్టి ఇక్కడ కూడా ఆయన మా కాకే.

షోలాపూరు ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. ఊరికి తూర్పు వైపున, అశోక్ చౌక్, సాఖర్ పేట చుట్టుపట్ల వీధులకు వీధులు తెలుగు మాట్లాడతాయి. నైజాం రాజ్యపు పల్లెల్లో మగ్గాలు వదలి, మిల్లుల్లో కూలి దొరుకుతుందని తాత ముత్తాతల నాడు వచ్చిన పద్మశాలి కుటుంబాలే ఎక్కువ. మిల్లులు మూతబడ్డాయి గాని సాంచాలు మిగిలాయి. మగవారు సాంచా దగ్గర, ఆడవారు బీడీల చేట ముందర. శ్రావణ పూర్ణిమనాడు కొత్త జంధ్యాలు వేసుకొని మార్కండేయుని రథం వెంట నడుస్తారు. ఆ వీధుల్లో పిల్లలు ఒకే వాక్యంలో తెలుగు, మరాఠీ రెండూ కలిపేస్తారు, ఎక్కడ అతికిందో వారికే తెలియదు.

కాకకు ఇప్పుడు డెబ్భైఆరేళ్ళు. నలభై ఒక్క ఏళ్ళు జకార్డు సాంచా మీద చద్దర్లు నేశాడు. తెలుగు బడిలో నాలుగో తరగతితో చదువు ఆగింది. సంగీతం ఎవరి దగ్గరా నేర్వలేదు. పద్మశాలి పురాణం చెప్పడానికి వచ్చే కూనపులివారు బొమ్మల పటం విప్పి పాడుతుంటే చిన్నప్పుడు రాత్రంతా కూర్చుని వినేవాడట. తక్కినదంతా సాంచా నేర్పిందే అంటాడు.

"నాడె ఇటు పోతె ఒకటి, అటు పోతె ఒకటి. తాళం అదే ఏస్తది. ఆ సప్పుట్ల ఎంత గట్టిగ పాడినా పక్క సాంచా వానికి ఇనవడదు. నాకు మంది ముందర సిగ్గు. అందుకే గక్కడ నేర్చిన" అని ఒకసారి చెప్పాడు. రాత్రి పాళీలో మాట దొరికితే నూలు కోను అట్ట మీద వ్రాసి చొక్కా జేబులో వేసుకొనేవాడు. కరెంటు లేని రోజున ఆ అట్టలన్నీ ముందు వేసుకొని, దుకాణాల్లో దొరికే పొడుగు ఖాతా పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఒక పేజీలో పాట, ఎదుటి పేజీలో పాలవాని బాకీ. నేను చూశాను.

ఏ పాటకైనా మొదటి శ్రోత మా చిన్నమ్మ. ఆమె గడప దగ్గర చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. బీడీ కూలి వెయ్యికి ఇంత అని లెక్క, అందులో తేడా వస్తే పొయ్యి మీద తేడా వస్తుంది. ఆమె పరీక్ష ఒకటే. పాట వింటుంటే చెయ్యి ఆగకూడదు, లెక్క తప్పకూడదు. "చెయ్యి ఆగిందంటె నీ పాట అడ్డం తిరిగినట్టె" అనేది. కాక లేచి వెళ్ళి ఆ చరణం మార్చుకొని వచ్చేవాడు. పండితుల సభలో ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉంటుందని నేననుకోను.

ఇలా కట్టిన పాటల్లో బతుకమ్మ పాటలున్నాయి, మంగళహారతులున్నాయి, రథం వెంట పాడేవి, మిల్లు గేటుకు తాళం పడిననాడు కట్టినవి, మా చెల్లెలి ఉయ్యాలకు కట్టినది కూడా ఉంది. అన్నిటికంటె ఎక్కువ తిరిగింది మా అక్క అప్పగింతలకు కట్టిన పాట. దాని పల్లవి ఇది.

పడుగు నిల్చినకాడ నిల్చేనె అవ్వ
పేక పోయినకాడ పోయేనె బిడ్డ

మగ్గం ఎరిగినవారికి విప్పి చెప్పనక్కరలేదు. పడుగు కదలక నిలుస్తుంది, పేక అటూ ఇటూ పోతుంది, రెండూ కలిస్తేనే గుడ్డ. 1986లో అక్క పెండ్లిలో పాడిన ఈ పాట ఆ తరువాత మా వీధిలో ప్రతి పెండ్లికీ పాడారు. వియ్యాలవారి వెంట భివండికీ, పుణెకూ వెళ్ళింది.

పాటల వల్ల కాకకు వచ్చినదేమిటని లెక్క వేస్తే, కొబ్బరికాయలు, తాంబూలాలు, ఒక గోడ గడియారం, ఒక సన్మానం. ఆ సన్మానంలో ఆయనకు కప్పినది షోలాపురి చద్దరే. వేదిక దిగి వచ్చాక దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "అంచుల ఒక పోగు తప్పింది, ఎవని సాంచాదో" అన్నాడు. చిన్నమ్మ దాన్ని ఇప్పటికీ వాడుతున్నది.

పోయినది కూడా కొంత ఉన్నది. 1992లో భిశీ ఎత్తిన డబ్బుతో ఐదు వందల క్యాసెట్లు వేయించాడు. వేసిన కంపెనీవారు అట్ట మీద రచన అన్నచోట 'సాంప్రదాయం' అని అచ్చు వేశారు. అడిగితే, తెలుగు పాటలన్నిటికీ అలాగే వేస్తామన్నారు. నూట అరవై దాకా అమ్ముడుపోయాయి. మిగిలినవి మంచం కింద పెట్టెలో కొన్ని వానాకాలాలు గడిపి బూజు పట్టాయి. ఆ భిశీ డబ్బు ఇంటి పైకప్పుకని దాచినదని చిన్నమ్మ ఒక్కసారే అన్నది. ఆ ఒక్కసారి చాలు. రెండేళ్ళు కాక కొత్త పాట కట్టలేదు.

ఇక నన్ను ఈ వ్యాసం వ్రాయించిన సంగతి. కొన్నేళ్ళ క్రితం భివండిలో బంధువుల పెండ్లికి కాకను వెంటబెట్టుకొని వెళ్ళాను. అప్పగింతల వేళ ఆర్కెస్ట్రావారు మైకు అందుకొని, "ఇప్పుడొక పాత జానపదం" అని చెప్పి ఈ పాటే ఎత్తుకొన్నారు. నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి ఇది మా కాక పాట అని మైకులో చెప్పాలనుకొన్నాను. కాక చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆయన ముఖం కూడా బాగా లేదు. కోపం వచ్చిందా కాకా అని అడిగితే, "పేరు పోతె పోయింది బిడ్డా. వరస చెడగొట్టిండ్రు. మూడో చరణం కిందికి దిగాలె, ఏడుపు అక్కడుంది. వీండ్లు పైకి లేపిండ్రు" అన్నాడు. భోజనాల దగ్గర కూడా ఆ చరణమే గొణుక్కుంటూ ఉన్నాడు.

తిరుగు బస్సులో నేను చట్టం సంగతి ఎత్తాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట మాటలకు ఒక హక్కు, వరసకు వేరే హక్కు. వ్రాసిననాడే హక్కు పుడుతుంది, రిజిస్టరు చేయించకపోయినా పోదు. కర్త జీవించినంత కాలం, ఆపైన అరవై సంవత్సరాలు ఉంటుంది. కాక శ్రద్ధగా విని, "కేసేసి ఎవల పెండ్లి ఆపుదామంటవు?" అన్నాడు. మన చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మరొక ఊరివారు షోలాపురి అని పేరు పెట్టి అమ్మకూడదు. పాటకు అటువంటిది లేదే అన్న బాధ నాకే గాని ఆయనకు లేదు. ఆయన బాధ వరస గురించి.

ఆ మాట వెంట పడి నేను కొంత చదివాను. పాట మాటలను మాతువు అనీ, దాని వరసను ధాతువు అనీ మన శాస్త్రకారులు అన్నారు. రెండూ తానే కట్టినవాడు వాగ్గేయకారుడు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఈ సంగతి వివరించాడు. ఆ లెక్కన నాలుగో తరగతి చదివిన మా కాకకూ ఆ మాట చెల్లుతుంది. అయితే ఈ రెండింటిలో ముందుగా పోయేది ఎప్పుడూ ధాతువే. అన్నమాచార్యుల కథ చూడండి. ఆయన కాలం 1408 నుండి 1503 అంటారు. ఆయన సంకీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కించారు. అవి తిరుమల ఆలయంలో ఒక అరలో ఉండిపోయి, 20వ శతాబ్దంలో గాని లోకం చదవలేదు. రేకుల మీద మాటలున్నాయి, రాగం పేరు ఉన్నది. ఆయన పాడిన వరస మాత్రం లేదు. నేడు మనం వినే అన్నమయ్య పాటలకు వరసలు తరువాతివారు కట్టినవి. వారిలో మొదట చెప్పుకోవలసినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979). ఆయన మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పినవారు, కర్ణాటకలోని మన పాఠకులకు దగ్గరివారే.

త్యాగరాజస్వామి (1767–1847) కృతులు వరసతో సహా నిలిచాయంటే శిష్యులు కూర్చుని నేర్చుకోవడం వల్ల, వ్రాసి పెట్టుకోవడం వల్ల. ఆ వ్రాసినవారిలో ముఖ్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్. ఆయనది తెలుగిల్లు కాదు, సౌరాష్ట్ర భాష మాట్లాడే పట్టు నేతగాండ్ర కులం. వారి వ్రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభ భద్రపరచింది. ఈ సంగతి చెప్పినప్పుడు కాక ముఖం వెలిగిపోయింది. "నేతోడా? సాలోడే రాసిండా?" అని రెండు మార్లు అడిగాడు. రాగిరేకుల సంగతి ఆయనను అంతగా కదిలించలేదు.

అప్పటినుండి నేను పుణె నుండి నెలకొకసారి షోలాపూరు వెళ్ళి ఖాతా పుస్తకాలు ముందు పెట్టుకొని కూర్చుంటున్నాను. ఐదు పుస్తకాల్లో నూట నలభై మూడు పాటలున్నాయి. కాక మనవరాలు వ్రాసుకొంటుంది, నేను ఫోనులో రికార్డు చేస్తాను. ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, లిపి రాదు. మరాఠీ బడిలో నేర్చిన అక్షరాలతోనే వ్రాసింది. మొదటి రోజే చిక్కు వచ్చింది. ఆ లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకు ఒకటే. కాబట్టి మెడకూ మేడకూ భేదం లేదు. 'మెడలో పుస్తె' అని తాత వ్రాసినది మనవరాలు 'మేడలో' అని పాడింది. కాక పగలబడి నవ్వాడు గాని, హ్రస్వం దీర్ఘమయితే తాళం జారుతుంది గదా. ఆ పిల్లే ఆలోచించి పొట్టి అక్షరం కింద ఒక చుక్క పెట్టడం మొదలు పెట్టింది. ఇప్పుడు తప్పు రావడం లేదు. ఒడియా లిపిలో వ్రాసుకొనే బరంపురం వారికీ ఇదే చిక్కు ఉంటుంది. తమిళ లిపిలో హ్రస్వదీర్ఘాలు సరిగ్గా ఉన్నా క, గ ఒకటవుతాయి. అందుకే అక్కడ అచ్చయ్యే త్యాగరాజ కీర్తనల పుస్తకాల్లో అక్షరానికి అంకెలు తగిలిస్తారు. తెలుగు లిపి నేర్పాలన్నది నా పట్టుదలే. కాని నేర్చేదాకా తాత గొంతు ఆగుతుందా? నేను చుక్కలతో సర్దుకొన్నాను.

గొంతు సంగతి దాచడమెందుకు, అది తగ్గిపోయింది. నలభై ఏళ్ళు నూలు దుమ్ము పీల్చిన రొమ్ము. రెండు పాటలయ్యేసరికి ఆయాసం వస్తుంది. అంతకంటె కష్టమైనది మరొకటి ఉన్నది. కొన్ని పాటల దగ్గర పుస్తకం చూసి మాటలు చదువుతాడు, ఆగుతాడు, మళ్ళీ చదువుతాడు. వరస రాదు. తాను కట్టిన పాటే, తన చేతివ్రాతే. అలా కూర్చున్న ఆ మనిషిని చూడటం నాకు చాలా కష్టమనిపించింది. ఒకనాడు అలాగే ఒక బతుకమ్మ పాట దగ్గర ఆగిపోయి పుస్తకం మూయబోతుంటే, వంటింట్లో రొట్టెలు కొడుతున్న చిన్నమ్మ చప్పుడుకు తగ్గట్టుగా సన్నగా ఎత్తుకొన్నది. మాటలు లేవు, ఒట్టి రాగమే. కాక ఉలిక్కిపడి, "అదే! అదే!" అని లేచాడు. నేను ఫోను పట్టుకొని వంటింట్లోకి పరుగెత్తాను. రికార్డులో రొట్టె చప్పుడు కూడా పడింది. ఆ నెలనుండి చిన్నమ్మను కూడా కూర్చోబెడుతున్నాము. ఆమె బీడీలు చుట్టడం మానేసి చాలా కాలమయింది, కాని పాట మొదలయితే వేళ్ళు కదులుతాయి.

ఇంతవరకు నూట పదిహేడు పాటలకు వరస దొరికింది. ఇరవై ఆరింటికి దొరకలేదు. వాటిలో ఒకటి 1983లో మార్కండేయ రథోత్సవం నాడు మా వీధి ఆడవారు కోలాటానికి పాడినది. పదిహేను మంది దాకా పాడారని చిన్నమ్మ అంటుంది. కొందరు గతించారు, కొందరు పిల్లల వెంట భివండి, ముంబయి, సూరత్ వెళ్ళిపోయారు. నాడె తెగి దారం కోసం ఊరంతా వెదికే నేతగాని మీద వేళాకోళంగా కట్టిన పాట అది, నాలుగు చరణాలు. మాటలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ సంచిక మీ ఇంటికి వచ్చినప్పుడు షోలాపూరు తూర్పు భాగం నుండి వచ్చిన పెద్దవారెవరైనా ఇంట్లో ఉంటే, ఈ సంగతి చదివి వినిపించండి. మాటలు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఎత్తుగడ ఒక్కటి గుర్తుంటే చాలునని కాక అంటున్నాడు, తక్కినది తాను పట్టుకొంటాడట.