పార్కిన్సన్స్: గ్లోవ్ వైబ్రేషన్‌తో వణుకు తగ్గుతుందా? మాత్రలు మానేయొచ్చా?

చేతులు వణకడం, అడుగు ముందుకు పడకపోవడం.. పార్కిన్సన్స్ లక్షణాలివి. మెదడులో డోపమైన్ తగ్గడంతో కదలికలను నడిపే కణాలు అతిగా ఒకే లయలో పనిచేస్తుంటాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పీటర్ టాస్ టీమ్ చేసిన గ్లోవ్, వేళ్ల కొనలకు వైబ్రేషన్ ఇచ్చి ఆ లయను చెదరగొట్టాలని చూస్తుంది. బ్రిటన్ కంపెనీ చార్కో తెచ్చిన 'క్యూ1'ను అయితే ఛాతీపై అతికించుకోవాలి.

చిన్న అధ్యయనాల్లో కొందరికి కదలికలు మెరుగయ్యాయి. కానీ ఇవి జబ్బును నయం చేయవు.

అసలు ప్రమాదం వేరే ఉంది. పరికరం కొన్నాం కదా అని లెవోడోపా మాత్రలు సడన్‌గా ఆపేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదకు రావచ్చు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు వాళ్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు గుంటూరు జీజీహెచ్ న్యూరాలజీ డాక్టర్లను అడగడం మంచిది.