కోడిగుడ్డు కంపు ఉన్నట్టుండి ఆగిపోతే... పరుగెత్తాలి!

పండక్కి పెట్టుకుందామని బీరువాలోంచి తీస్తే వెండి పట్టీలు నల్లగా మసిబారి ఉంటాయి. విబూదో, కాస్త చింతపండో పట్టించి తోమేస్తాం. తళతళలాడగానే ఆ నలుపు సంగతి మర్చిపోతాం. అసలది ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? గాలిలో లేశమాత్రంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వెండితో కలిసి చేసే పని అది. మురిగిన కోడిగుడ్డు పగలగొట్టగానే ముక్కు మూసుకునేదీ దీని వల్లే.

పాతకాలం ప్రయోగశాలల్లో లెడ్ అసిటేట్ పూసిన తెల్లకాగితం పెట్టి చూసేవారు. అది నల్లబడితే ఈ వాయువు ఉన్నట్టు లెక్క. ఇవాళ ఆ పని చిన్న యంత్రాలు చేస్తున్నాయి. వాటినే గ్యాస్ సెన్సర్లంటున్నారు. ఫ్యాక్టరీ గొడవ మనకెందుకు అనుకోకండి. మీ పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఉందా? అయితే ఇది మీ ఇంటి సంగతే.

ఒంగోలు వాళ్లకు ఈ కంపు కొత్త కాదు. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువులున్న ఇళ్లవాళ్లనడగండి. పంట మధ్యలో చెరువు అడుగు మట్టి చేతిలోకి తీసుకుంటే నల్లగా ఉండి గుడ్డు కంపు కొడితే వాళ్ల గుండె జారిపోతుంది. తినగా మిగిలిన మేత, రొయ్యల మలం అడుగున గాలి తగలక కుళ్లితే పుట్టేది ఇదే వాయువు. నీళ్లలో కొంచెం ఉన్నా రొయ్య నీరసించి చస్తుంది. అందుకే పంటకూ పంటకూ మధ్య చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండబెడతారు.

చెరువు మీద గాలి ఆడుతుంది కాబట్టి మనిషికి పెద్ద ముప్పు ఉండదు. మూసిన గుంతల్లోనే ప్రాణాలు పోతాయి. సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోలు, ఫ్యాక్టరీ మురుగునీటి తొట్టి... ఏదైనా కావచ్చు. ఈ వాయువు గాలికంటే బరువు, కనుక అడుగునే కూర్చుంటుంది. మడ్డిని కదిలిస్తే ఒక్కసారిగా పైకి పొంగుతుంది.

2017 మార్చి 30న పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు మండలం నల్లంవారితోటలోని ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ అయిదుగురు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ఫ్యాక్టరీ ట్యాంకులో ఏడుగురు. రెండుచోట్లా మూసి ఉంచిన ట్యాంకే, కడగడానికి దిగిన కూలివాళ్లే. ఇలాంటి గుంతల్లో ఏ వాయువు ఎంత ఉందో పైనుంచి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. అన్నిటికంటే కడుపు తరుక్కుపోయే సంగతేమిటంటే, ముందు దిగినవాడు పడిపోగానే వాణ్ణి లాగుదామని అన్నో తమ్ముడో వెనకాలే దిగుతాడు. అతనూ పడిపోతాడు.

"కంపు వస్తే తెలియదా ఏమిటి?" అంటారు మీరు. వస్తుంది, కానీ ఈ వాయువు మాయలమారిది. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. అదే నూరు వంతులకు చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. కంపు పోయినట్టుంటుంది, లోపలివాడు "హమ్మయ్య, గాలి బాగుపడింది" అనుకుంటాడు. నిజానికి విషం పెరుగుతూ ఉంటుంది. ఏడెనిమిది వందల వంతులైతే నాలుగు ఊపిరులు పీల్చేలోపే స్పృహ తప్పుతుంది. ఇక కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

సెన్సరు కావాల్సింది ఇందుకే, దానికి ముక్కులా మొద్దుబారే గుణం లేదు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా, చొక్కా కాలరుకు తగిలించుకునేలా ఉంటుంది. లోపల ఆమ్లంతో తడిసిన చిన్న గది, అందులో ఎలక్ట్రోడులు. వాయువు సన్నని పొరగుండా లోపలికి వెళ్లి అక్కడ రసాయన చర్య జరిపితే చిటికెడు కరెంటు పుడుతుంది. వాయువు ఎక్కువైతే కరెంటూ ఎక్కువే. దాన్ని కొలిచి అంకె చూపిస్తుంది, హద్దు దాటితే కీచుమంటూ ఎర్రదీపం వెలిగించి వణుకుతుంది. మన ఫ్యాక్టరీల చట్టం ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు పది లక్షల వంతులకు 10. అంటే పది లక్షల బియ్యపు గింజల్లో పది రాళ్లన్నమాట!

1991లో మొదలైన మణుగూరు భారజల కర్మాగారంలో ఈ వాయువుతోనే పని. నీళ్లలోంచి భారజలాన్ని వేరు చేయడానికి దాన్ని పెద్ద పెద్ద స్తంభాల్లో తిప్పుతారు. అలాంటి చోట సెన్సర్లు రాత్రీపగలూ కాపలా కాయకపోతే అడుగు తీసి అడుగు వేయలేరు. ఫ్యాక్టరీల్లో గోడకు బిగించేవాటిని నేలకు దగ్గరగా పెట్టాలి. నెత్తిమీద పెడితే అలంకారానికే పనికొస్తాయి.

ఈ యంత్రానికీ ముసలితనం ఉంది. రెండు మూడేళ్లకు లోపలి గది పనితనం తగ్గిపోతుంది. మన రోహిణికార్తె ఎండలకు ఇంకా త్వరగా ఎండుతుంది. అందుకని వాడేముందు సీసాలోని పరీక్ష వాయువు కాస్త చూపించి, అరుస్తుందో లేదో చూసుకోవాలి. కొని, డబ్బా విప్పకుండా మేనేజరు గది అలమరలో దాచిపెట్టే ఫ్యాక్టరీలకు ఏం చెబుతాం!

పల్లెల్లో పాతబావి పూడిక తీసేముందు లాంతరు దించి చూసే అలవాటుంది. దీపం ఆరిపోతే ప్రాణవాయువు తక్కువని తెలుస్తుంది, మంచిదే. కానీ దీపం వెలుగుతున్నా ఈ విషం ఉండొచ్చు. పైగా సెప్టిక్ ట్యాంకులో మండే వాయువులుంటాయి, దీపం దించితే భగ్గుమంటుంది. అందుకే గుంతలకు నాలుగు రకాలు కొలిచే మీటరు వాడతారు. ప్రాణవాయువు, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. గొట్టం వేసి పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా చూడాలి.

ఇక మన పెరటి సంగతి. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. ఆ దింపించినవాళ్లలో ఇంటి యజమానీ ఉండొచ్చని చాలామందికి తెలియదు. చనిపోయినవాడి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో, దాన్ని ముప్పై లక్షలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషికి ఆ కాగితాలు చూపించి ఇప్పించేవాళ్లే కరువు.

ట్యాంకు నిండితే ట్యాంకరు లారీనే పిలవండి. ఇందుకోసం కేంద్రం 14420 నంబరు పెట్టింది. మోటారుతో లాగేశాక "అడుగున కాస్త మడ్డి మిగిలిందమ్మగారూ, మావాడు దిగి తీసేస్తాడు, మూడొందలివ్వండి" అంటారు. వద్దనండి. మడ్డి కొంచెం మిగిలినా మీ ట్యాంకుకు వచ్చే నష్టమేమీ లేదు.