సగం ఢిల్లీది... సగం హైదరాబాద్‌ది!

కాజీపేట స్టేషన్‌లో రైలు దిగి ఆటో ఎక్కండి. ‘నిట్‌కు పోవాలె’ అంటే, ‘ఆర్‌ఈసీకా?’ అని ఎదురు ప్రశ్న వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పేరు మారి ఇరవై ఏళ్లు దాటినా ఓరుగల్లు పాత పేరును వదల్లేదు. అయితే ఆ మార్పు బోర్డు మీద అక్షరాలతో ఆగలేదు. కాలేజీ ఖర్చు ఎవరు భరించాలన్న లెక్క కూడా దాంతోపాటే మారింది.

ఇద్దరి పెంపకం

1959 అక్టోబరు 10న నాటి ప్రధాని నెహ్రూ ఈ కాలేజీకి శంకుస్థాపన చేశారు. అది రెండో పంచవర్ష ప్రణాళిక కాలం. ఓపక్క ఆనకట్టలు, మరోపక్క ఉక్కు కర్మాగారాలు లేస్తున్నాయి. వాటికి ఇంజినీర్లు కావాలి. అందుకే ప్రాంతీయ ఇంజినీరింగ్‌ కళాశాలల పథకం వచ్చింది. దేశం మొత్తమ్మీద అలాంటివి 17 ఏర్పడ్డాయి. వాటిలో మొట్టమొదటిది వరంగల్‌దే.

ఖర్చు పంపకం ఎలాగంటే... భవనాలు, యంత్రాలకు డబ్బు కేంద్రానిది. జీతాల్లాంటి నిర్వహణ ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం. పీజీ కోర్సుల భారం మళ్లీ కేంద్రానిదే. సీట్లూ అంతే. సగం అప్పటి ఆంధ్రప్రదేశ్‌ పిల్లలకు, సగం ఇతర రాష్ట్రాల వారికి. దాంతో పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి హాస్టల్లోనే దేశమంతా పరిచయమయ్యేది. ప్రైవేటు కాలేజీలు వీధికొకటి పుట్టని ఆ రోజుల్లో, మధ్యతరగతి ఇంటికి ఆర్‌ఈసీ సీటంటే ఉద్యోగం వచ్చినంత సంబరం.

ఇబ్బందీ అక్కడే ఉంది. నిధులకు ఇద్దరు యజమానులు. పట్టా ఇచ్చేది కాకతీయ విశ్వవిద్యాలయం. సిలబస్‌ మార్చాలన్నా, కొత్త కోర్సు పెట్టాలన్నా సొంతంగా నిర్ణయించుకునే వీల్లేదు.

ముడి వీడింది

ఆర్‌ఈసీల తీరుతెన్నులపై మషేల్కర్‌ కమిటీ 1998లో నివేదిక ఇచ్చింది. స్వయంప్రతిపత్తి ఇవ్వాలంది. 2002లో వరంగల్‌ ఆర్‌ఈసీ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయింది. డీమ్డ్‌ వర్సిటీ హోదా దక్కింది. నిధుల బాధ్యత పూర్తిగా కేంద్రానికి వెళ్లింది. 2007లో అమల్లోకి వచ్చిన నిట్‌ చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థల జాబితాలో చేరింది.

మరి పనితీరు? కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల్లో (ఎన్‌ఐఆర్‌ఎఫ్‌) ఇంజినీరింగ్‌ విభాగంలో 2024లో 21వ స్థానం. 2025లో 28కి జారింది. అదే కుటుంబానికి చెందిన తిరుచ్చి నిట్‌ రెండేళ్లూ తొమ్మిదో స్థానంలోనే నిలిచింది. ఈ ర్యాంకుల్లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు మరో 30 శాతం వెయిటేజీ. ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడున్నాడు, ల్యాబులు, లైబ్రరీలపై ఎంత ఖర్చు పెట్టారన్నవీ లెక్కలోకి వస్తాయి. అంటే ర్యాంకు పిల్లల తెలివికి మాత్రమే కొలమానం కాదు, ఖజానాకూ కొలమానమే.

మూడో వాటాదారు

ఇప్పుడు ఖర్చు పంచుకోవడానికి రాష్ట్రం లేదు. కానీ ఇంకొకరు ఉన్నారు. విద్యార్థి! నిట్‌లలో బీటెక్‌ వార్షిక ట్యూషన్‌ ఫీజు 2016లో 70 వేల నుంచి లక్షా 25 వేల రూపాయలకు పెరిగింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆ ఫీజు లేదు. ఏడాదికి లక్షలోపు ఆదాయమున్న కుటుంబాలకూ పూర్తి మినహాయింపే. 5 లక్షల వరకైతే మూడింట రెండొంతులు తగ్గుతుంది. ఆ గీత దాటి ఒక్క రూపాయి ఎక్కువున్నా సాధారణ విద్యార్థి మొత్తం కట్టాల్సిందే. హాస్టలు, మెస్‌ ఖర్చులు అదనం. చిరుద్యోగి ఇంట ఇద్దరు పిల్లలుంటే ఆ గీత ఎంత బరువో చెప్పక్కర్లేదు.

భవనాల కథా మారింది. 2017లో ఏర్పాటైన ఉన్నత విద్య ఆర్థిక సంస్థ (హెఫా) ద్వారా కేంద్రం నిర్మాణాలకు గ్రాంటు బదులు రుణమిచ్చే పద్ధతి తెచ్చింది. వడ్డీ భారం ప్రభుత్వానిదే అయినా, పాత సాంకేతిక సంస్థలు అసలును సొంత రాబడిలోంచి తీర్చాలి. ఆ రాబడిలో ఫీజులూ ఉంటాయి.

1959లో రాయి వేసినప్పుడు కట్టడానికి డబ్బు సర్కారుది, చదువుకోవడం కుర్రాడి వంతు. ఇవాళ కట్టే ఖర్చులోనూ అతనికి వాటా పడుతోంది. కాజీపేటలో రైలు దిగే పిల్లాడికి ర్యాంకుంటే చాలా, వెనక నాన్న జీతమూ ఉండాలా? నిట్‌ పనితీరును కొలిచేటప్పుడు ఆ ప్రశ్నకూ కాసిన్ని మార్కులు కేటాయించాలి.