పత్తి పోగు ఎదుగుదల

పత్తి పోగు అనగా పత్తి గింజ పైపొరలోని ఒకే ఒక కణము సాగి ఏర్పడిన సన్నని గొట్టము. పిండమును పొదువుకొని ఎదుగుతున్న గింజపై, భౌతిక బలములు కణమునకు రూపమిచ్చే తీరుకు ఇది చక్కని ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు ఖాదీకి మూలము ఈ కణమే.

నేపథ్యము

జంతువుల పిండములలో కణములు ఒకదానినొకటి నెట్టుకొంటూ, లాగుకొంటూ, చోటు మారుతూ అవయవములను రూపొందిస్తాయి. వృక్షకణములు గట్టి కవచములో బంధించబడి ఉన్నందున కదలలేవు. లోపలి నీటి ఒత్తిడికీ, కవచపు నిరోధమునకూ మధ్య జరిగే పెనుగులాటయే వాటి ఆకారమును నిర్ణయిస్తుంది.

సాగే దశ

పూవు విచ్చిన రోజుననే గింజ పైపొరలోని కణములలో సుమారు నాలుగవ వంతు ఉబ్బనారంభిస్తాయి. చక్కెర, పొటాషియం, మాలేట్ లోపల చేరడం వలన ద్రవాభిసరణము ద్వారా కణములోనికి నీరు ప్రవేశిస్తుంది. ఇట్లు కలిగే ఒత్తిడిని స్ఫీత పీడనము అంటారు. ఈ ఒత్తిడి అన్ని వైపులా సమానమే అయినా కణము బంతివలె ఉబ్బదు. కవచములోని సెల్యులోజ్ తంతువులు పీపాకు బిగించిన ఇనుప పట్టీలవలె అడ్డముగా చుట్టుకొని ఉండుటచే అది పొడవునకే సాగుతుంది.

సాగుదల వేగముగా ఉన్న కాలములో పక్క కణములకు పోయే సూక్ష్మ ద్వారములు కొద్ది రోజులు మూసుకొని, ఒత్తిడిని నిలుపుతాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 2001లో తెలిపారు. అమెరికన్ పత్తిలో సుమారు మూడు వారములలో పోగు 25 నుండి 30 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. దాని వెడల్పు మాత్రము మిల్లీమీటరులో సుమారు యాభయవ వంతు మాత్రమే.

గట్టిపడే దశ

సాగుదల మందగించేసరికి కవచము లోపలి వైపున సెల్యులోజ్ పొరలు పొరలుగా పేరుకొంటుంది. కాయ పగిలిన తరువాత నీరు ఆరిపోయి, గొట్టము అణగి మెలికలు తిరుగుతుంది. నూలు వడకునపుడు పోగులు ఒకదానినొకటి పట్టుకొనుటకు ఈ మెలికలు తోడ్పడతాయి.

పొందూరు కొండపత్తి

పొందూరులో సన్న నూలుకు వాడే కొండపత్తి పొట్టి పింజ గల దేశవాళీ రకము. ఇచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, పోగులు తెగకుండా చక్కబరచి, ఏకి, ఏకులు చేసి రాట్నముపై వడుకుతారు. ఈ విధముగా వందకు పైబడిన నంబరు నూలు తీస్తారు.

పోగు సాగే రోజులలో నీటి ఎద్దడి ఏర్పడితే స్ఫీత పీడనము తగ్గి పింజ కురచబడుతుంది. కాయలో తగ్గిన ఆ పొడవును తరువాత ఏ పనితనమూ తిరిగి తేలేదు. ఉన్న పొడవును తెగకుండా కాపాడడమే వాలుగ దవడ చేసే పని. కనుక నేత నాణ్యత మగ్గము వద్దకు రాకమునుపే, చేనిలో ఆ మూడు వారముల తేమపై ఆధారపడి ఉంటుంది.